ముందు అవతలివాళ్లకి ఫోన్ చేయండి

[ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం. సభలోంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని చివర్లో ఉన్నాయి.]

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించనివాళ్లు చెయ్యెత్తండి. వినిపించనివాళ్లకి ఈ మాట కూడా వినిపించదనుకోండి, అది వేరే సంగతి. [నవ్వులు] నవ్వకండి, ఇవాళ్టి మన సమస్యంతా ఇదే.

చిన్న ఆఫీసులకీ, ఫొటో స్టూడియోలకీ, క్లినిక్‌లకీ నెట్‌వర్క్ సర్దిపెట్టడం నా పని. ఇరవై ఏళ్లుగా నిచ్చెనలెక్కి వైర్లు లాగుతున్నాను. ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో ఒక రకం ఫిర్యాదు పెరిగింది. "నెట్ బాగానే ఉందండీ, యూట్యూబ్ వస్తోంది, మెయిల్ వస్తోంది, ఇదొక్కటే కనెక్ట్ అవట్లేదు" అంటారు. ఆ "ఇదొక్కటే" ఏమిటని ఆరా తీస్తే పదింట తొమ్మిదిసార్లు పీర్ టు పీర్ సాఫ్ట్‌వేరే అయి ఉంటుంది. ఫైళ్లు సింక్ చేసేదో, టొరెంటో, పిల్లలు ఆడే గేమో, సీసీ కెమెరా యాపో. అంటే మధ్యలో పెద్ద సర్వర్ లేకుండా మీ కంప్యూటరు, అవతలివాళ్ల కంప్యూటరు నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు. కొత్తదేమీ కాదు. ఈ టొరెంట్లకి మూలమైన బిట్‌టొరెంట్‌ని బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ విడుదల చేసింది 2001లో. 2003లో వచ్చిన స్కైప్ కూడా మొదట్లో ఇలాగే నడిచేది.

యూట్యూబ్ వచ్చినప్పుడు ఇదెందుకు రాదు? వెబ్‌సైటు చూడటమంటే మీరు బయటికి వెళ్లి సరుకు తెచ్చుకోవడం. పీర్ టు పీర్ అంటే మీ ఇంటికి చుట్టం రావడం. హైదరాబాద్‌లో చుట్టం ఇల్లు కనుక్కుని రావడం ఎంత పనో మీకు తెలుసు. పాత బస్తీ నుంచి ఈ బాగ్‌లింగంపల్లి దాకా మన ఇంటి నంబర్లు చూడండి. ఒక అంకె, గీత, ఇంకో అంకె, గీత, మూడంకెల నంబరు, దాని మీద బై ఏ, బై రెండు. అన్నీ సరిగ్గా రాసిచ్చినా చివరికి ఫోన్ చేసి "హనుమాన్ గుడి దగ్గర నిలబడు, మనిషిని పంపిస్తా" అనాల్సిందే. ఇంటర్నెట్‌లోనూ సరిగ్గా ఇదే జరుగుతోంది. ఎందుకో చెబుతాను.

మనం మామూలుగా వాడే ఐపీ అడ్రసు, ఐపీవీ4 అనేది, 32 బిట్లది. మొత్తం లెక్కేస్తే 429 కోట్ల చిల్లర అడ్రసులు. భూమ్మీద మనుషులే 800 కోట్లు. ఒక్కో ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ, ఇప్పుడు వాషింగ్ మెషీన్ కూడా. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి గోడౌన్ ఖాళీ అయింది. ఆసియా పసిఫిక్ వాటాలో మామూలుగా పంచాల్సినవి అదే ఏడాది ఏప్రిల్‌లో అయిపోయాయి. మన దగ్గర గల్లీ గల్లీకీ ఫైబర్ వచ్చింది ఆ తర్వాతే. పెళ్లికి ఆలస్యంగా వెళితే బూరెలు అయిపోయి సాంబారన్నం మిగిలినట్టు మనకి పంచుకునే అడ్రసులే మిగిలాయి.

అందుకే ఇంట్లో ఉన్న పది పరికరాలకీ బయటికి ఒకే అడ్రసు. లోపల మాత్రం 192.168తోనో, 10తోనో మొదలయ్యే ఇంటి నంబర్లు. ఈ లోపలి నంబర్లు దేశంలో అందరి ఇళ్లలోనూ అవే. "ఫ్లాట్ నంబర్ 203" లాంటివి. ఏ అపార్ట్‌మెంట్ 203 అని చెప్పకపోతే దానికి అర్థం లేదు. లోపలి నంబర్లకీ బయటి అడ్రసుకీ మధ్య చిట్టా రాసుకుని తిరగేసే పని రూటరుది. దాన్నే న్యాట్ అంటారు.

రూటర్ అంటే వాచ్‌మన్ అనుకోండి. 203 వాళ్లు బయటికి వెళితే వాచ్‌మన్ ఆపడు. వాళ్లు బిర్యానీ ఆర్డరిస్తే వచ్చిన డెలివరీ కుర్రాణ్ని కూడా ఆపడు, ఎందుకంటే లోపలివాళ్లే అడిగారని చిట్టాలో ఉంది. ఎవరూ అడగకుండా ఒకడొచ్చి "లోపలికెళ్లాలి" అంటే గేటు దగ్గరే ఆపేస్తాడు. ఆపాలి కూడా. మీ సాఫ్ట్‌వేరుకి అవతలి నుంచి వచ్చే పలకరింపు వాచ్‌మన్ దృష్టిలో ఇలాంటి తెలియని మనిషే.

ఇంతవరకైతే మన చేతిలోని పనే. వాచ్‌మన్‌కి ముందే చెప్పి పెడతాం, "ఫలానా నంబరు అడిగి ఎవరైనా వస్తే 203కి పంపు" అని. ఆ ఫలానా నంబరునే పోర్టు అంటారు, ఇలా చెప్పి పెట్టడం పోర్ట్ ఫార్వర్డింగ్. అసలు చిక్కు గేటెడ్ కమ్యూనిటీలో వస్తుంది. మీ బ్లాకు కింద వాచ్‌మన్, మెయిన్ గేటు దగ్గర ఇంకో సెక్యూరిటీ. మీ వాచ్‌మన్‌తో ఎంత చుట్టరికం కలిపినా చుట్టం మెయిన్ గేటు దగ్గరే ఆగిపోతాడు. నెట్ కంపెనీ వాళ్లు వందల ఇళ్లని ఒకే అడ్రసు వెనక పెడితే జరిగేది ఇదే. దాన్ని సీజీ న్యాట్ అంటారు. ఆ మెయిన్ గేటు తాళం కంపెనీ దగ్గర ఉంటుంది, మీ దగ్గర ఉండదు.

ఇప్పుడు ఒక అసలు కేసు చెబుతాను.

చిక్కడపల్లిలో పెళ్లిళ్ల ఫొటో స్టూడియో ఒకటి. యజమాని నాకు తమ్ముడిలాంటివాడు. ఆల్బమ్‌లు డిజైన్ చేసే అమ్మాయి కూకట్‌పల్లిలో ఇంట్లోంచే పనిచేస్తుంది. ఒక పెళ్లంటే రెండు వీడియో కెమెరాలు, క్యాండిడ్ వాళ్లు, డ్రోను, అన్నీ కలిపి 180 జీబీ. ఇదివరకు హార్డ్‌డిస్కు సంచిలో వేసి కుర్రాణ్ని బండి మీద పంపేవాళ్లు. ఒకసారి అమీర్‌పేట దగ్గర ఆ సంచి జారి రోడ్డు మీద పడింది. డిస్కు పోయింది, పెళ్లికూతురి మేనమామలు స్టూడియోకి వచ్చారు, మిగతాది మీరే ఊహించుకోండి. అప్పటినుంచి సింక్‌థింగ్ పెట్టుకున్నారు. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఒక చోట ఫోల్డర్‌లో వేస్తే రెండో చోట దానంతటదే వచ్చేస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ స్టూడియో తమ్ముడి ఫోను. "అన్నా, కనెక్ట్ అయిందనే చూపిస్తుంది గానీ పోతలేదు. పొద్దుగాల పెట్టిన, ఇప్పటికి రెండు శాతమే అయింది."

ఇలాంటి ఫోను వస్తే చాలామంది చేసే మొదటి పని రూటరు ఆపి, ఆన్ చేయడం. రెండోది సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ వేయడం. మూడోది ఏదో వీడియోలో చెప్పారని సెట్టింగ్‌లన్నీ మార్చేయడం. మూడూ అయ్యాక నాకు ఫోన్ చేస్తారు, అప్పటికి మొదట ఏం చెడిందో దేవుడికి కూడా తెలియదు. మీకు నా మనవి ఒకటే. మార్చకండి, ముందు చూడండి. ఆ తమ్ముడి మాటలోనే సగం జవాబుంది. "కనెక్ట్ అయింది" అన్నాడు. అంటే రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి కనుక్కున్నాయి, ఎలాగో చేరుకున్నాయి కూడా. మరి ఏ దారిన చేరుకున్నాయి?

సింక్‌థింగ్‌లో అవతలి డివైస్ పేరు మీద నొక్కితే కనెక్షన్ ఏ రకమో రాసి ఉంటుంది. అక్కడ "రిలే" అని ఉంది. నేరుగా దారి దొరకనప్పుడు ఇద్దరూ బయటికే వెళ్లి, మధ్యలో ఒక మూడో కంప్యూటర్ దగ్గర కలుసుకుంటారు. ఈ రిలేలు ఎక్కువగా వాలంటీర్లు నడిపేవి. డేటా తాళం వేసే వెళుతుంది, మధ్యలోవాళ్లు చదవలేరు, ఆ భయం లేదు. కానీ ఊరందరి బరువూ ఒకే బండి మీద వేస్తే ఎంత వేగం వస్తుంది? వీళ్లకి సెకనుకు 300 కేబీ వస్తోంది. 180 జీబీ ఆ లెక్కన వారం పడుతుంది. చిక్కడపల్లి నుంచి కూకట్‌పల్లికి ఆ డిస్కు పట్టుకుని నడిచి వెళ్లినా ఒక పూటలో చేరతారు. [నవ్వులు]

కాబట్టి మా వెతుకులాట "ఎందుకు కనెక్ట్ అవట్లేదు" అని మొదలవలేదు. "నేరుగా ఎందుకు కలవట్లేదు" అని మొదలైంది. ఈ రెండు ప్రశ్నలకీ వెతికే చోట్లు వేరు.

స్టూడియోలో రూటరు పేజీ తెరిపించాను. దాదాపు ప్రతి రూటరులోనూ వ్యాన్ అనో, ఇంటర్నెట్ స్టేటస్ అనో ఒక చోటు ఉంటుంది. కంపెనీ మీ రూటరుకి ఇచ్చిన అడ్రసు అక్కడ కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోమన్నాను. తర్వాత అదే కంప్యూటర్‌లో "నా ఐపీ ఏమిటి" అని గూగుల్‌ని అడగమన్నాను, అక్కడ వచ్చిన ఐపీవీ4 అడ్రసు కూడా రాయమన్నాను. రెండూ ఒకటే అయితే మీకూ ప్రపంచానికీ మధ్య మీ వాచ్‌మన్ ఒక్కడే. వేరైతే మధ్యలో ఇంకో గేటుంది. ఇవాళ్టి సభ నుంచి ఇంకేమీ పట్టుకెళ్లకపోయినా ఈ కాగితం పరీక్ష పట్టుకెళ్లండి. రెండు నిమిషాల పని, రెండు రోజుల తిప్పలు తప్పిస్తుంది.

స్టూడియో కాగితం మీద మొదటి అడ్రసు 100.72తో మొదలైంది. రెండోది దానికి సంబంధమే లేని ఇంకేదో నంబరు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు కంపెనీలు ఇలా పంచుకోవడానికే 2012లో విడిగా కేటాయించారు. ఆ వరసలోది మీ రూటరు మీద కనిపిస్తే ఇక పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి పోవద్దు. తాళం మీ దగ్గర లేదు. ఆ స్టూడియో తమ్ముడు అప్పటికి రెండు రాత్రులు ఆ పోర్టులతోనే కుస్తీ పట్టాడు పాపం.

ఇక్కడే నేను ఎప్పుడూ చెప్పే మాట. ముందు అవతలివాళ్లకి ఫోన్ చేయండి. ఇద్దరిలో ఒక్కరి తలుపు తెరుచుకున్నా చాలు. ఇద్దరూ గేటెడ్ కమ్యూనిటీలోనే ఉండక్కర్లేదు కదా. నేను వచ్చే దారి లేకపోతే మీరు రండి, కలిసి కూర్చుంటే ఎవరు ఎవరింటికి వచ్చారన్నది ఎవరికి కావాలి?

కూకట్‌పల్లి అమ్మాయికి ఫోన్ కలిపాం. ఆవిడ కాగితం మీద మొదటి అడ్రసు 192.168తో మొదలైంది. అది ఇంటి లోపలి నంబరు, రూటరు బయటి వైపున ఉండకూడదు. విషయం ఏమిటంటే కంపెనీ వాళ్లు పెట్టిన ఫైబర్ డబ్బా ఒకటి ఉంది. దాని వైఫై బెడ్‌రూంకి అందట్లేదని వాళ్లాయన సికింద్రాబాద్ నుంచి ఇంకో మంచి రూటరు కొనుక్కొచ్చి దాని వెనక తగిలించాడు. ఒకే ఇంట్లో ఇద్దరు వాచ్‌మన్‌లు. కొత్త రూటరుని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్పించాను. అంటే అది వైఫై మాత్రం ఇస్తుంది, గేటు పని మానేస్తుంది. తర్వాత ఫైబర్ డబ్బా పేజీలో చూస్తే రెండు అడ్రసులూ సరిపోయాయి. ఆవిడకి నిజమైన పబ్లిక్ అడ్రసు, అంటే వేరే ఇళ్లతో పంచుకోనిది, ఉంది. ఆ డబ్బాలో 22000 పోర్టుని, డేటా పంపే రెండు పద్ధతులైన టీసీపీకీ యూడీపీకీ రెండింటికీ, ఆవిడ ల్యాప్‌టాప్ వైపు తిప్పాం. సింక్‌థింగ్ వినే పోర్టు అది.

ఇక నా తెలివి వినండి. "తెరుచుకుందో లేదో చూద్దాం" అని ఆవిడ ల్యాప్‌టాప్ నుంచే ఆవిడ పబ్లిక్ అడ్రసుకి కొట్టించాను. రాలేదు. మళ్లీ కొట్టించాను. రాలేదు. గంటసేపు ఆ డబ్బాని తిరగేసి బోర్లేసి చూశాం. ఆవిడకి ఆన్‌లైన్ మీటింగ్ టైమైంది, నాకు టెన్షన్. చివరికి గుర్తొచ్చింది. ఇంట్లో ఉండి వీధి గుమ్మం తట్టాలంటే ముందు వీధిలోకి వెళ్లాలి. చాలా చవక డబ్బాలు లోపలినుంచి తమ బయటి అడ్రసుకి వెళ్లి వెనక్కి రావడాన్ని ఒప్పుకోవు. నేను స్టూడియో నుంచి ప్రయత్నించి ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది. అప్పటినుంచి పరీక్ష ఎప్పుడూ బయటినుంచే. ఎవరూ లేకపోతే ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి, అది చాలు.

బయటినుంచి చూస్తే? అప్పుడూ రాలేదు. [నవ్వులు] ఈసారి కారణం విండోస్. సాఫ్ట్‌వేరు మొదటిసారి నడిపినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ ఒక పెట్టె చూపిస్తుంది, అనుమతించమంటారా అని. మనం పనిలో ఉండి క్యాన్సిల్ కొట్టేస్తాం. క్యాన్సిల్ అంటే "తర్వాత అడుగు" అని మనం అనుకుంటాం. విండోస్ మాత్రం ఆ ప్రోగ్రామ్ పేరు మీద లోపలికి రావద్దని ఒక నిషేధం రాసుకుంటుంది. ఆ తర్వాత మీరు వెళ్లి అనుమతించే రూల్ కొత్తగా పెట్టినా నిషేధానిదే పైచేయి. ఆ పాత రూల్ వెతికి తీసేయాలి. ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్‌లలో ఇన్‌బౌండ్ రూల్స్‌కి వెళితే ఎర్రటి నిషేధం గుర్తుతో కనిపిస్తుంది. తీసేశాం. కనెక్షన్ రకం దగ్గర రిలే పోయి టీసీపీ అని వచ్చింది. వేగం సెకనుకు 6 ఎంబీ దాటింది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పెళ్లంతా కూకట్‌పల్లి చేరింది.

మూడు రోజులకి మళ్లీ ఫోను. "అన్నా, మళ్లీ రిలే అంటుంది." ఏం మార్చావంటే ఏమీ మార్చలేదన్నాడు, నిజమే చెప్పాడు. కూకట్‌పల్లిలో కరెంటు పోయి వచ్చింది. డబ్బా మళ్లీ ఆన్ అయి, ల్యాప్‌టాప్‌కి 192.168.1.7 బదులు 192.168.1.12 ఇచ్చింది. పోర్టు ఇంకా ఏడో నంబరుకే తిరిగి ఉంది. 203లో వాళ్లు 305కి మారారు, వాచ్‌మన్ చుట్టాల్ని ఇంకా 203కే పంపిస్తున్నాడు. డబ్బాలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది, ఫలానా ల్యాప్‌టాప్‌కి ఎప్పుడూ ఫలానా నంబరే ఇవ్వమని. అది పెట్టాక ఇప్పటిదాకా వాళ్ల నుంచి నాకు పండగ శుభాకాంక్షలు తప్ప ఫోన్లు లేవు.

ఇంత చెప్పినప్పుడల్లా ఒకరు అడుగుతారు, "స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలా?" అని. వీళ్లు కొనలేదు. కూకట్‌పల్లి బయటి అడ్రసు మారుతూనే ఉంటుంది. సింక్‌థింగ్ తన కొత్త అడ్రసు డిస్కవరీ సర్వర్లో రాసుకుంటుంది, అవతలివాళ్లు అక్కడ చూసుకుంటారు. అడ్రసు మారడం సమస్య కాదు, అది మీ ఒక్కరిది కాకపోవడం సమస్య. ఇద్దరూ సీజీ న్యాట్ వెనకే ఉంటే అప్పుడు కంపెనీని "పబ్లిక్ ఐపీ ఇస్తారా" అని అడగండి. కొందరు ఊరికే ఇస్తారు, కొందరు స్టాటిక్ ఐపీ పేరు మీద నెలకింత అంటారు. కస్టమర్ కేర్‌లో "పోర్టులు తెరవండి" అనకండి. రూటర్ రీస్టార్ట్ చేయమంటారు, మనం మళ్లీ మొదటికొస్తాం.

ఇద్దరూ మూసిన గేట్ల వెనకే ఉన్నా కొన్నిసార్లు ఏ సెట్టింగూ లేకుండానే నేరుగా కలుస్తారు. అది నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. లోపలివాళ్లు అడిగితే వాచ్‌మన్ రానిస్తాడన్నాను కదా. ఇద్దరూ ఒక మధ్యవర్తి ద్వారా ఒకరి బయటి అడ్రసు ఒకరు తెలుసుకుని, ఒకే సమయంలో ఇటునుంచి ఇతనూ అటునుంచి అతనూ కబురు పంపుతారు. ఇతని కబురు బయటికెళ్లేటప్పుడు ఇక్కడి వాచ్‌మన్ చిట్టాలో రాసుకుంటాడు. అతని కబురు వచ్చేసరికి "ఓహో, మావాళ్లు పిలిచినవాళ్లే" అని వదిలేస్తాడు. రెండు వైపులా ఇదే. దీన్ని హోల్ పంచింగ్ అంటారు. 2005లో బ్రయాన్ ఫోర్డ్, పైడా శ్రీసురేష్, డాన్ కెగెల్ కలిసి దీని మీద ఒక పేపర్ రాశారు. అప్పటి రూటర్లని పరీక్షించి యూడీపీలో దాదాపు 82 శాతం, టీసీపీలో దాదాపు 64 శాతం దీన్ని ఒప్పుకుంటున్నాయని తేల్చారు. ఈ శ్రీసురేష్ న్యాట్ పదాలకి నిర్వచనాలు కూర్చిన 1999 నాటి పత్రానికీ సహ రచయిత. పైడా అన్న ఇంటిపేరు వినగానే మన చెవి నిక్కబొడుచుకుంటుంది, నాదీ అంతే. [నవ్వులు]

మిగతా రూటర్లు ఎందుకు ఒప్పుకోవు? మీ అపార్ట్‌మెంట్‌లో గేటు యాప్ ఉంటే ఇట్టే అర్థమవుతుంది. కొన్ని చోట్ల మీ ఫ్లాట్‌కి ఒకటే కోడ్, ఎవరొచ్చినా అదే చెప్తారు. కొన్ని చోట్ల ఒక్కో మనిషికి ఒక్కో కోడ్, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ఈ రెండో రకం న్యాట్‌ని సిమెట్రిక్ అంటారు. మధ్యవర్తి చూసి చెప్పిన పోర్టు నంబరు మీ స్నేహితుడికి పనిచేయదు, అతనికి వేరే నంబరు పుడుతుంది. రెండు వైపులా ఇదే రకమైతే రిలే తప్ప గతి లేదని ఒప్పేసుకుని ఇంకో పని చూసుకోండి. రిలే అవమానమేమీ కాదు. చిన్న ఫైళ్లకి తేడా తెలియను కూడా తెలియదు.

కనెక్ట్ అయి, నాలుగు నిమిషాలు బాగుండి, తెగిపోయి, మళ్లీ కలిసే రకం వేరే జబ్బు. కాసేపు మాటలు లేకపోతే వాచ్‌మన్ చిట్టాలోంచి మీ పేరు కొట్టేస్తాడు. యూడీపీకి కనీసం రెండు నిమిషాలు ఉంచాలని ప్రమాణం ఉంది, 30 సెకన్లకే కొట్టేసే డబ్బాలూ ఉన్నాయి. అందుకే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్‌లలో కీప్ అలైవ్ అని ఉంటుంది, సాధారణంగా 25 సెకన్లు పెడతారు. ఊరికే "ఉన్నావా?" "ఆఁ ఉన్నా" అనుకుంటూ ఉంటాయి. ఫోన్లలోనైతే తెగడానికి పెద్ద కారణం బ్యాటరీ. స్క్రీన్ ఆరగానే ఆండ్రాయిడ్ ఆ యాప్‌ని నిద్రపుచ్చుతుంది. ఆ ఒక్క యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. దీనికోసం రూటర్ మార్చినవాళ్లని నాకు తెలుసు.

అమీర్‌పేట హాస్టల్లో ఉండే పిల్లలు ఎవరైనా వచ్చారా? అదిగో. మీకు ఇంకో గొడవ. ఒకే గదిలో, ఒకే వైఫై మీద రెండు ల్యాప్‌టాప్‌లు, ఒకదానికొకటి కనిపించవు. హాస్టల్, కాలేజీ, హోటల్ వైఫైల్లో క్లయింట్ ఐసొలేషన్ పెడతారు. ఒక్కొక్కరినీ ఇంటర్నెట్‌కి మాత్రం పంపుతుంది, పక్కగదితో మాట్లాడనివ్వదు. భద్రతకి అది మంచిదే, తప్పు పట్టను. ఇంట్లో గెస్ట్ వైఫై కూడా సాధారణంగా అలాగే ఉంటుంది. మీ ఫోన్ గెస్ట్ మీదా, కంప్యూటర్ అసలు వైఫై మీదా ఉంటే రెండిటికీ ఒకే డబ్బా అయినా పలకరింపు ఉండదు. ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి రెండూ దాని మీదకి రండి. అక్కడ కలిస్తే సాఫ్ట్‌వేరు మంచిదే, తప్పు వైఫైదే అని తేలిపోయింది.

అరుదుగా వచ్చేది ఒకటుంది, వస్తే మాత్రం పిచ్చెక్కిస్తుంది. పలకరింపు అవుతుంది, ఫైల్ పేరు కనిపిస్తుంది, డేటా మాత్రం కదలదు. డేటా పొట్లాలు కట్టుకుని వెళుతుంది, చిన్న పొట్లాలు పోతున్నాయి, పెద్ద పొట్లాలు దారిలో ఇరుక్కుంటున్నాయి. మామూలుగా ఒక పొట్లం 1500 బైట్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ కనెక్షన్లలో దానికి 8 బైట్ల తొడుగు ఉంటుంది కాబట్టి 1492 మాత్రమే పడుతుంది. దాని మీద వీపీఎన్ కూడా వేస్తే ఇంకా తగ్గుతుంది. రూటరులో పొట్లం గరిష్ట సైజు రాసే ఎంటీయూ అనే చోట 1492 పెట్టి చూడండి. పొడుగు నిచ్చెన లిఫ్టులో పెట్టబోయి తలుపు పడక తిప్పలు పడినవాణ్ని కాబట్టి నాకిది ఎప్పుడూ మరుపు రాదు.

ఐపీవీ6 గురించి చెప్పకపోతే ముందు వరసలో ఉన్న ఆ సార్ నన్ను వదలరు. ఐపీవీ4 తర్వాతి తరమైన ఐపీవీ6 అడ్రసులు 128 బిట్లవి, ఎన్ని ఇళ్లున్నా తరగవు. దాని వాడకంలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది, మొబైల్ నెట్‌వర్కుల పుణ్యమా అని. ఇద్దరికీ అది ఉంటే ఈ అడ్రసులు పంచుకునే గొడవే లేదు. మీ కంప్యూటర్‌కి 2తో మొదలయ్యే పొడుగాటి అడ్రసు ఉందేమో చూడండి. ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది లెక్కలోకి రాదు, అది గది దాటదు. అయితే న్యాట్ లేకపోయినా రూటరులో ఐపీవీ6 ఫైర్‌వాల్ విడిగా ఉంటుంది, బయటినుంచి వచ్చేవాటిని అదీ ఆపుతుంది. అక్కడ ఆ పోర్టు వరకు అనుమతివ్వాలి.

ప్రశ్నలుంటే అడగండి.

[ప్రశ్న: ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తే సరిపోదా?]

రెండు నిమిషాలు ఆపి, పనిచేసిందో లేదో చూసి, వెంటనే ఆన్ చేయండి. పరీక్షకి సరే. అలాగే వదిలేస్తే చుట్టం కోసం వీధి తలుపు పీకి పక్కన పెట్టినట్టు. ఇంకోటి, డబ్బాలో డీఎంజెడ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అన్ని పోర్టులూ ఒకే కంప్యూటర్‌కి తిప్పేస్తుంది. వీడియోల్లో తెగ చెబుతారు. దాని జోలికి వెళ్లకండి.

[ప్రశ్న: టొరెంట్ వాడితే కేసులవుతాయంటారు, నిజమా?]

టొరెంట్ ఒక బండి బాబూ. లినక్స్ ఇన్‌స్టాల్ ఫైళ్లు చాలా సంస్థలు అధికారికంగానే టొరెంట్‌లో ఇస్తాయి, నేనూ అలాగే దించుకుంటాను. కొత్త సినిమా ఎక్కించి తోలితే తప్పు సరుకుది. ఒక సాంకేతిక సంగతి మాత్రం చెబుతాను. చాలామంది పాతకాలం 6881 పోర్టునే వాడతారు, కొన్ని నెట్‌వర్కులు దాన్ని కనిపెట్టి నెమ్మది చేస్తాయి. వేరే నంబరు పెట్టుకుని చూడండి.

[ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. వాట్సాప్ కాల్ ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. అదీ ఇదేనా బాబూ, వేరేనా?]

కొంత ఇదేనమ్మా. ఇద్దరి మధ్య కాల్ అయితే వీలైనంతవరకు నేరుగానే వెళుతుంది, దారి దొరక్కపోతే సర్వర్ మీదుగా తిరిగి వెళుతుంది. కాల్స్‌లో ఐపీ అడ్రసు దాచమనే సెట్టింగ్ ఒకటి ప్రైవసీలో ఉంది, 2023లో పెట్టారు. అది ఆన్ చేస్తే అన్ని కాల్సూ సర్వర్ మీదుగానే పోతాయి, నాణ్యత కాస్త తగ్గవచ్చు. మీ ఫోన్‌లో ఆన్ అయి ఉందేమో చూడండి. లేకపోతే మీ అబ్బాయి ఫోన్‌లో చూడమనండి. చెప్పాను కదా, అవతలి వైపు కూడా చూడాలి.

[ప్రశ్న: సార్, మాది నల్లకుంట. మా డిజైనింగ్ సెంటర్‌ది కూడా అచ్చం ఇదే సమస్య. రూటర్ పేజీ ఫొటో తీసుకొచ్చాను.]

భలే. ఇలా ఇవ్వండి ఫోను. వ్యాన్ ఎక్కడుంది... ఇదిగో, 100.91. చూశారా, గేటెడ్ కమ్యూనిటీ. ఇక ఈ రూటర్‌ని వదిలేయండి, దీని తప్పేమీ లేదు. అవతల ఎవరు? బావగారా, వరంగల్‌లోనా? ఇప్పుడు ఇంట్లోనే ఉంటారా? అయితే ఫోన్ కలపండి, స్పీకర్ పెట్టండి, ఒక కాగితం, పెన్ను తెచ్చుకోమనండి.